కార్న్ ఆయిల్‌కు మారాలా? బెంగళూరు వంటింట్లో వేసుకున్న ఒక లెక్క

మా పిన్ని ఇరవై ఏళ్ళుగా కువైట్‌లో ఉంటోంది. మొన్న సెలవులకొచ్చి, రాయచోటి వెళ్ళే ముందు రెండు రోజులు మారతహళ్ళిలో మా ఇంట్లో ఆగింది. పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళి స్టవ్ పక్కనున్న నూనె క్యాను మూత తీసి వాసన చూసింది. "ఇంకా చెనక్కాయ నూనేనా అక్కా? మేం అక్కడ కార్న్ ఆయిల్ తప్ప ఇంకోటి ముట్టం. గుండెకు మంచిదంట" అంది. మాది కదిరి. చెనక్కాయ నూనెను ఒక మాటంటే అమ్మ ఊరుకోదు. "మొక్కజొన్న కంకి పిండితే నూనె కారడం నువ్వెప్పుడైనా చూసినావా?" అనడిగింది.

సాయంత్రానికి పిన్ని సూపర్‌మార్కెట్ నుంచి ఒక లీటరు కార్న్ ఆయిల్ ప్యాకెట్ తెచ్చి గట్టు మీద పెట్టేసింది. ఇద్దరిలో ఎవరు గెలిచినా నాకు ఇబ్బందే. అందుకే అంకెలు తిరగేశాను. ఇదే గొడవ మీ ఇంట్లోనూ ఉంటే పనికొస్తుందని రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఇప్పుడు సన్‌ఫ్లవర్ వాడుతున్నవాళ్ళు కార్న్‌కు మారినా పెద్దగా తేడా ఉండదు. వేరుశనగ నూనో నువ్వుల నూనో ఇష్టంగా తింటున్నవాళ్ళు అవి మానేసి మరీ కార్న్ తెచ్చుకోవడం దండగ. అసలు చూడాల్సింది నెలకు ఇంట్లోకి ఎన్ని లీటర్లు వస్తున్నాయన్నది.

కంకి పిండితే నూనె రాదు

అమ్మ ఎగతాళికి అన్నా మాటలో నిజముంది. మొక్కజొన్న గింజలో నూనె 4 శాతం దగ్గర ఉంటుంది. అదైనా గింజంతా ఉండదు, ఎక్కువ భాగం మొలక వచ్చే చోటే ఉంటుంది. ఈసారి ఉడికించిన కంకి తినేటప్పుడు ఒక గింజను గోటితో విప్పి చూడండి. మొన దగ్గర చిన్న ముద్దలా ఊడివస్తుందే, అదే మొలక. వేరుశనగ పప్పులోనైతే దాదాపు సగం బరువు నూనే. గానుగలో వేస్తే కారుతుంది. మొక్కజొన్న వేస్తే పిండి తప్ప ఏమీ రాదు.

కాబట్టి నూనె కోసమని ఎవరూ మొక్కజొన్న కొనరు. స్టార్చ్ ఫ్యాక్టరీలు కొంటాయి. గింజల్ని నానబెట్టి, చిదిపి, మొలకను వేరుచేసి, మిగిలిన దాంట్లోంచి స్టార్చ్ తీస్తారు. బట్టల మిల్లుల గంజికి, కాగితానికి, మందు బిళ్ళలకు, స్వీట్లలో పోసే లిక్విడ్ గ్లూకోజ్‌కు వెళ్ళేది అదే. పక్కకు తీసిన మొలకల్ని ఎండబెట్టి, ఒత్తి, మిగిలిన నూనెను హెక్సేన్ లాంటి ద్రావకంతో లాగి, రిఫైన్ చేస్తే కార్న్ ఆయిల్ అవుతుంది. 100 కిలోల గింజలకు దక్కేది అటూ ఇటూగా 3 కిలోలు.

ఇదంతా విని అమ్మ "అంటే తవుడు నూనె లాంటిదన్న మాట" అంది. అక్షరాలా అంతే. బియ్యం మిల్లుకు తవుడు ఎలాగో, స్టార్చ్ ఫ్యాక్టరీకి మొలక అలాగ. అసలు సరుకు వేరే ఉంది, ఇది వెంట వచ్చేది. మన దగ్గర వడ్లు పట్టే మిల్లులు లెక్కలేనన్ని ఉన్నాయి కాబట్టి తవుడు నూనె ఏటా సుమారు 10 లక్షల టన్నులు వస్తోంది. మొక్కజొన్న నూనెకు అంత బలగం లేదు.

దేశం లెక్కలో ఒక గీత

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 1961 నుంచి ప్రతి దేశానికీ ఆహార జమాఖర్చు వేస్తోంది. అందులో ఒక్కో నూనెకు విడిగా వరస ఉంటుంది, మొక్కజొన్న మొలక నూనెకు కూడా. దేశంలో తయారైనది, దిగుమతి అయినది కలుపుతారు. ఎగుమతులు, సబ్బులకూ ఇంధనానికీ పోయినది, పాడైనది తీసేస్తారు. నిల్వల్లో తేడా సర్దుతారు. మిగిలినదాన్ని జనాభాతో, 365 రోజులతో భాగిస్తే మనిషికి రోజుకు ఇన్ని గ్రాముల కొవ్వు అని తేలుతుంది. దీన్నే కొవ్వు సరఫరా అంటారు.

ఇది తిన్న లెక్క కాదు, అందుబాటులో ఉన్న లెక్క. బజ్జీల బాండీలో మిగిలి పారబోసినదీ ఇందులోనే ఉంటుంది. "ఫలానా దేశంలో కార్న్ ఆయిల్ సరఫరా పెరిగింది, అంటే జనం ఆరోగ్యం కోసం మారుతున్నారు" అని ఎవరైనా గ్రాఫు చూపిస్తే వెంటనే నమ్మకండి. పెరగడానికి కారణం వంటింట్లో లేకపోవచ్చు.

అమెరికా కథే చూడండి. అక్కడ 1911లో మజోలా పేరుతో కార్న్ ఆయిల్ ఇళ్ళకు అమ్మకానికి వచ్చింది. 1950లు, 60లలో కొలెస్ట్రాల్ భయం మొదలయ్యాక వెన్న మానేసి మొక్కజొన్న నూనె, దాంతో చేసిన మార్గరిన్ (వెన్నలా గట్టిపరచిన నూనె) వాడమన్నారు. ఇంతవరకూ జనం కోరి కొన్నదే. 1970ల నుంచి కూల్‌డ్రింకుల్లో పంచదార బదులు మొక్కజొన్న సిరప్ పోయడం ఎక్కువైంది. సిరప్ కోసం ఎంత మొక్కజొన్న నానబెడితే అంత మొలక, అంత నూనె. ఒక రకంగా వాళ్ళ నూనె పెరగడంలో వాళ్ళు తాగిన కోలాల వాటా కూడా ఉంది!

తర్వాత 2005, 2007లలో ఇంధన చట్టాలు వచ్చి, పెట్రోల్లో కలిపే ఇథనాల్‌ను మొక్కజొన్న నుంచి తీసే ప్లాంట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. వాటిలో చాలావరకు చివర్లో మిగిలే పిప్పి నుంచి కూడా నూనె తీయడం మొదలుపెట్టాయి. ఆ నూనె వంటకు పనికొచ్చే రకం కాదు. బయోడీజిల్‌కు, పశువుల దాణాకు పోతుంది. అంటే కార్న్ ఆయిల్ తయారీ పెరుగుతూనే ఉన్నా, కంచంలోకి వచ్చే కార్న్ ఆయిల్ దాంతోపాటు పెరగలేదు. రెండు గీతలనూ కలిపి చదివితే తప్పులో కాలేసినట్టే.

మన దేశం ఇప్పుడు సరిగ్గా ఆ మలుపులో ఉంది. కర్ణాటక మొక్కజొన్నకు పెద్ద రాష్ట్రం. ఆగస్టులో బెంగళూరు నుంచి హుబ్బళ్ళి రైలెక్కితే దావణగెరె, హావేరి దగ్గర కిటికీ నిండా అదే పంట. ఆ గింజల్లో ఎక్కువ భాగం కోళ్ళ దాణాకు పోతుంది. మనం మొక్కజొన్న తినేది చాలావరకు గుడ్డు రూపంలో, చికెన్ రూపంలో. 2023-24 నుంచి పెట్రోల్లో కలిపే ఇథనాల్‌కు మొక్కజొన్నే పెద్ద ముడిసరుకైంది. కోళ్ళ ఫారాలవాళ్ళు రేటు పెరిగిందని గగ్గోలు పెట్టారు. ఎప్పుడూ ఎగుమతి చేసే దేశం 2024లో దిగుమతి కూడా చేసుకుంది. 2025-26కు క్వింటాలు మద్దతు ధర 2,400 రూపాయలు. పంట ఇంత పెరుగుతోంది కదా, రేపో మాపో కార్న్ ఆయిల్ చవకవుతుందని ఆశపడితే, స్టార్చ్ ఫ్యాక్టరీలు పెరిగితేనే అది జరుగుతుంది. పొలం పెరిగినంత మాత్రాన జరగదు.

పిన్ని వాడకానికి కారణం కూడా ఇక్కడే దొరికింది. గల్ఫ్‌లో నూనెగింజలు పండవు. ఏ నూనెకైనా ముడిసరుకు ఓడలో రావాల్సిందే. అక్కడ కార్న్ ఆయిల్ మామూలు సరుకు, మనకు సన్‌ఫ్లవర్ ఎలాగో అలాగ. ఆమె ఎంచుకున్నది ఆరోగ్యం చూసి కాదు. షాపులో ఎదురుగా కనిపించింది కాబట్టి కొంది. మనమూ అంతేగా.

సన్‌ఫ్లవర్ పక్కన పెట్టి చూస్తే

కార్న్‌కు అసలు పోటీ సన్‌ఫ్లవర్. రెండూ లేత రంగు, రెండూ వాసన లేనివి, రెండూ రిఫైన్డ్. కార్న్ ఆయిల్లో సంతృప్త కొవ్వు 13 శాతం, ఒమేగా-6 అనే అసంతృప్త కొవ్వు 50 శాతం పైన. మామూలు సన్‌ఫ్లవర్‌లో సంతృప్తం 11 శాతం దగ్గర, ఒమేగా-6 అంతకంటే ఎక్కువ, 60 దాటుతుంది. ఒమేగా-3 రెండింట్లోనూ నామమాత్రం. కార్న్‌లో ఫైటోస్టెరాల్స్ ఎక్కువ, 100 గ్రాములకు ఒక గ్రాము దగ్గర. పేగుల్లో కొలెస్ట్రాల్ ఒంటికి పట్టకుండా కాస్త అడ్డుపడే పదార్థాలివి. విటమిన్-ఇ లో మన శరీరం బాగా నిలుపుకునే ఆల్ఫా రకం సన్‌ఫ్లవర్‌లో ఎక్కువ, కార్న్‌లో గామా రకం ఎక్కువ. చెరొక మార్కు వేసుకోండి. మొత్తం మీద మెజెస్టిక్ వెళ్ళే బస్సులో సీటు మారినట్టు.

తేడా సరఫరాలో ఉంది. ఒకప్పుడు బళ్ళారి, కొప్పళ, గదగ వైపు పొద్దుతిరుగుడు తోటలు విరగపూసేవి. ఇప్పుడు ఆ సాగు బాగా తగ్గిపోయి నూనె చాలావరకు ఉక్రెయిన్, రష్యా, అర్జెంటీనాల నుంచి వస్తోంది. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలైనప్పుడు మా దగ్గరి సూపర్‌మార్కెట్లో మనిషికి రెండు ప్యాకెట్లే అని కాగితం అంటించారు. అదే ఏప్రిల్ చివర్లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపింది. మే 23న మళ్ళీ వదిలింది. ఆ నెల రోజులూ షాపువాడు చెప్పిందే ధర. అలాంటప్పుడు షెల్ఫ్ మీద కార్న్ ఆయిల్ కనిపిస్తే తీసుకోండి, తప్పేం లేదు. సన్‌ఫ్లవర్‌తో చేసే ప్రతి వంటా దాంతో అవుతుంది.

ఇక గుండెకు మంచిదన్న మాట. దీనికి ఆధారాలున్నాయి కానీ, ప్యాకెట్ మీద గుండె బొమ్మ గీసినంత గట్టివి కావు. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) 2007లో కార్న్ ఆయిల్ గురించి ఒక వాక్యం వేసుకోవడానికి అనుమతిచ్చింది. అందులోనే ఆధారం "చాలా పరిమితం, ప్రాథమికం" అన్న అర్థం వచ్చే మాటలు ఉండాలని షరతు పెట్టింది. సంతృప్త కొవ్వు బదులుగా వాడితేనే లాభమనీ చెప్పమంది. అమెరికాలోని మిన్నెసోటాలో 1968 నుంచి 1973 వరకు 9,423 మంది మీద ఒక పెద్ద ప్రయోగం జరిగింది. ఒక వర్గానికి మామూలు తిండి, ఇంకో వర్గానికి కార్న్ ఆయిల్‌తో, దాని మార్గరిన్‌తో చేసిన తిండి. రెండో వర్గంలో కొలెస్ట్రాల్ బాగానే తగ్గింది. చావులు మాత్రం తగ్గలేదు. మూలనపడ్డ ఆ వివరాల్ని వెలికితీసి 2016లో బీఎంజే అనే వైద్య పత్రికలో అచ్చువేశారు. దీని మీద వాదనలు ఇంకా నడుస్తున్నాయి. మిగతా ప్రయోగాలన్నీ కలిపి చూసిన అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2017లో ఇలాంటి నూనెల వైపే మొగ్గింది. నాకు అర్థమైనంతవరకు, రోజూ వనస్పతితోనో పామాయిల్‌తోనో వండేవాళ్ళు కార్న్‌కు మారితే మేలే. వేరుశనగ నుంచి మారితే అదే మేలు జరుగుతుందని ఏ లెక్కా చెప్పలేదు.

మన నూనెలు

వేరుశనగ నూనెలో సంతృప్తం 17 నుంచి 20 శాతం, ఆలివ్ నూనెలో ఎక్కువగా ఉండే ఒలేయిక్ రకం కొవ్వు 45 పైన. వేపుడుకు నిలబడుతుంది. రుచి గురించి నేను రాయక్కర్లేదు. బెంగళూరులో సందుకొకటి చొప్పున "గాణద ఎణ్ణె" (గానుగ నూనె) అని కన్నడ బోర్డు పెట్టిన కొట్లు వెలిశాయి. మా వీధి చివర ఉన్నదాంట్లో కళ్ళముందే ఆడిస్తారు. గానుగ తిరుగుతుంటే వచ్చే వాసనకు అమ్మ కూరగాయలకని వెళ్ళి అక్కడే నిలబడిపోతుంది. కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. పప్పు బూజు పట్టినదైతే అఫ్లటాక్సిన్ అనే విషం గానుగ నూనెలోకి దిగుతుంది. రిఫైన్డ్‌లో శుద్ధి చేసేటప్పుడు అది చాలావరకు పోతుంది. కాబట్టి నూనె కంటే ముందు అక్కడి పప్పు బస్తా చూడండి. ముడుచుకుపోయి, నల్లబడిన గింజలుంటే ఆ కొట్టు మార్చండి. బసవనగుడి కడలెకాయి పరిషెలో (వేరుశనగ జాతరలో) కాయ ఏరుకున్నట్టే ఏరాలి. ఇంకోటి, గానుగ నూనెకు 160 డిగ్రీల దగ్గరే పొగ వస్తుంది. తాలింపుకు, పొడులకు, పచ్చళ్ళకు వాడుకుని పూరీలకు రిఫైన్డ్ తీసుకోవడం మంచిది.

తవుడు నూనె సంగతి రెండు ముక్కల్లో. కొవ్వుల పాళ్ళు వేరుశనగకు దగ్గర, తవుడులో ఉండే ఒరైజనాల్ అనే పదార్థం అదనం, వాసన లేదు. కార్న్ ఎందుకు కొంటున్నారో అదే కారణానికి ఇది కొనొచ్చు, పైగా మన మిల్లుల సరుకు. పిన్ని ప్యాకెట్‌కు నేను చెప్పే ప్రత్యామ్నాయం ఇదే. పామోలిన్‌లో (పామాయిల్ నుంచి తీసిన పల్చటి నూనెలో) సంతృప్తం 40 శాతం దాటుతుంది. ఇంట్లో వాడకపోయినా మిక్చర్లో, బిస్కెట్లలో ఎలాగూ లోపలికి వెళ్తూనే ఉంది.

వేపుడు గురించి ఒక మాట. రిఫైన్డ్ కార్న్ ఆయిల్ 230 డిగ్రీల దాకా పొగ రాకుండా ఆగుతుందని డీప్ ఫ్రైకి భేష్ అంటారు. ఒక్కసారికి నిజమే. అదే నూనెను మళ్ళీ మళ్ళీ కాచినప్పుడు ఒమేగా-6 ఎక్కువున్న నూనెలు తొందరగా చెడతాయి. హోటళ్ళకు మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018 జూలై నుంచి ఒక హద్దు పెట్టింది, నూనెలో చెడిన పోలార్ పదార్థాలు 25 శాతం దాటకూడదని. ఇంట్లో మీటరు ఉండదు కాబట్టి నురగ, జిగట, ముదురు రంగు చూసుకోవాలి. పండక్కి అరిసెలు, కారప్పూస వేయించి అదే నూనె వారంపాటు వాడే ఇల్లయితే కార్న్ కంటే వేరుశనగ నయం.

మార్కర్ పెన్నుతో లెక్క

పిన్ని వెళ్ళాక నేను చేసిన పని ఒక్కటే. ప్రతి నూనె ప్యాకెట్ మీద కత్తిరించిన తేదీ మార్కర్‌తో రాశాను. మేం నలుగురం, అందులో ఒకడు పదేళ్ళవాడు. పాత బిల్లులు తీస్తే నెలకు 5 లీటర్లు. లీటరుకు 910 గ్రాములు, 4,550 గ్రాములు. నలుగురికి 30 రోజులు, 120తో భాగిస్తే మనిషికి రోజుకు 38 గ్రాములు. ఎఫ్‌ఏఓ దేశానికి వేసే లెక్కే, ఒక ఇంటికి వేసుకున్నా.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూర్చుని పనిచేసేవాళ్ళకు సూచించింది రోజుకు 20 నుంచి 25 గ్రాములు. నీతి ఆయోగ్ 2024 నివేదిక ప్రకారం దేశంలో తలసరి వాడకం ఏడాదికి 19.7 కిలోలు, అంటే రోజుకు 54 గ్రాములు. అందులో బయట తిండీ కలిసుంటుంది. మా 38కి ఆఫీసు క్యాంటీన్, వారాంతం బిర్యానీ కలిపితే మేమూ అక్కడికే చేరతాం.

అమ్మ పులిహోర తాలింపుకు నూనె క్యానుతో వంపుతుంటే కింద గిన్నె పెట్టి కొలిచాను. ఆరు టేబుల్ స్పూన్లు, 84 గ్రాములు! "అంతేనా, పులిహోర పొడిపొడిగా ఉంటే ఎవరు తింటారు" అంది. నాలుగు స్పూన్లతో చేసిన రోజు ఎవరూ ఏమీ అనలేదు, అమ్మ తప్ప. ఇప్పుడు నెలకు మూడున్నర లీటర్లతో నడుస్తోంది, మనిషికి రోజుకు 27 గ్రాముల లోపే. ఏ నూనె మార్చినా నాకు ఈ తేడా వచ్చేది కాదు. ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే. కార్న్ అయితే తక్కువేం కాదు.

ఎవరికి ఏది

ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉండి, వారానికి నాలుగు రోజులు స్విగ్గీ మీద గడిపే ఇల్లయితే చిన్న ప్యాకెట్ వేరుశనగ, అర లీటరు నువ్వుల నూనె చాలు. పెద్ద క్యాన్ జోలికి పోవద్దు, తెరిచిన నూనె నెలల తరబడి ఉంటే కంపు కొడుతుంది. పొయ్యి పక్కన, కిటికీ ఎండలో పెట్టే అలవాటుంటే కార్న్, సన్‌ఫ్లవర్ ఇంకా ముందు చెడతాయి.

నూనె వాసన పడని పిల్లలున్న ఇల్లో, కేకులు, సలాడ్లు, మయొనీజ్ చేసే ఇల్లో అయితే కార్న్ బాగుంటుంది. రోజువారీ సన్‌ఫ్లవర్ వాడేవాళ్ళు రెండు నూనెలు మార్చిమార్చి వాడాలనుకుంటే, రెండోది కార్న్ కాకుండా వేరుశనగో తవుడో తీసుకోండి. రకాలు కలిపి వాడమని పోషకాహార సంస్థ చెప్పేది కొవ్వుల పాళ్ళు మారాలని. ఒకే గూటి పక్షుల్ని రెండింటిని తెచ్చుకుంటే ఏం మారుతుంది?

కొనేటప్పుడు వెనక వైపు చదవండి. ముందు పెద్దగా మొక్కజొన్న కంకి బొమ్మ ఉన్నా అది కలిపిన నూనె కావచ్చు. రెండు నూనెలు కలిపి అమ్మితే ఒక్కోటి కనీసం 20 శాతం ఉండాలి, పాళ్ళు లేబుల్ మీద రాయాలి. ఆ 20 శాతం కోసం మీరు పూర్తి కార్న్ ధర కడుతున్నారేమో చూసుకోండి. ప్యాకెట్ లీటరేనా అన్నది కూడా. 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు లీటరు ప్యాకెట్ల పక్కనే అదే రూపంలో ఉంటున్నాయి. ధర దగ్గర చిన్న అక్షరాల్లో గ్రాముకో మిల్లీలీటరుకో ఎంత పడుతుందో ముద్రిస్తున్నారు. పోల్చాల్సింది ఆ అంకెను.

పిన్ని తెచ్చిన లీటరు ఇంకా సగం ఉంది. మావాడు ఆదివారం రాత్రి క్రికెట్ చూస్తూ దాంతో పాప్‌కార్న్ వేయించుకుంటున్నాడు. రాయచోటి నుంచి ఫోన్ చేసి నూనె ఎట్లుందని అడిగితే, మొక్కజొన్నకు మొక్కజొన్న నూనె సరిపోయిందని అమ్మ చెప్పింది.